వైఫై మీద కాల్ తెగకుండా, ఫోన్ చార్జింగ్ డ్యూటీ అయ్యేదాకా నిలవాలంటే: వరస ప్రకారం సెటప్

విజయవాడ సూర్యారావుపేట నర్సింగ్ హోమ్‌ల నుంచి, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమిషన్ కొట్ల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ‘వైఫై స్పీడు బాగానే ఉంది, వీడియోలు ఆగకుండా వస్తున్నాయి. మరి కాల్ మాట్లాడితే మాట ఎందుకు ముక్కలవుతోంది? ఫోన్ మధ్యాహ్నానికే ఎందుకు ఖాళీ అవుతోంది?’ రెండింటినీ వేర్వేరు సమస్యలుగా అడుగుతారు గానీ, చాలాచోట్ల కారణం ఒక్కటే.

కాల్‌కు స్పీడు పెద్దగా అక్కర్లేదు. మామూలు జీ.711 కోడెక్‌తో (మాటను డేటాగా మార్చే పద్ధతి) నడిచే కాల్‌లో ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక చిన్న ప్యాకెట్ వెళ్తుంది. అంటే సెకనుకు 50. హెడర్లతో కలిపినా ఒక దిశలో దాదాపు 80 కేబీపీఎస్ మాత్రమే. కాల్‌కు కావలసింది వేళకు చేరడం.

ఒక ప్యాకెట్‌కూ ఇంకో ప్యాకెట్‌కూ మధ్య ఫోన్‌లోని వైఫై రేడియో కునుకు తీయగలదు. సిగ్నల్ బలహీనంగా ఉంటే అదే ప్యాకెట్‌ను తక్కువ రేటులో, రెండు మూడుసార్లు పంపాలి. కునుకు సమయమంతా అందులోనే పోతుంది. మాట పాడయ్యే చోటే బ్యాటరీ కూడా కరిగిపోయేది ఇందుకే.

అందుకని వరస ముఖ్యం. ముందు రేడియో, తర్వాత ప్రాధాన్యం, ఆ తర్వాత పవర్ సేవ్. చాలామంది మూడోదాన్ని ముందు ముట్టుకుంటారు. రేడియో బాగోలేని చోట పవర్ సేవ్ ఎంత సవరించినా పని జరగదు.

1. ముందు కాగితం మీద ప్లాను

లాప్‌టాప్ తెరవకముందు బిల్డింగ్ ప్లాను ఫ్లోరుకొకటి గీసుకోండి. చేతి గీత చాలు. లిఫ్ట్, మెట్లు, ఎక్స్‌రే గది, ఆపరేషన్ థియేటర్, స్టోర్ రూము, ఇనుప బీరువాలు ఉన్న చోట్లు గుర్తు పెట్టండి.

తర్వాత ఫోన్ వాడే మనుషుల్నే అడగండి. మేనేజర్‌ను అడిగితే ‘అంతటా ప్రాబ్లమే’ అంటారు. డ్యూటీలో ఉన్న నర్సును ‘సిస్టర్, కాల్ ఎక్కడ పోతోంది?’ అని అడిగితే, ‘రెండో ఫ్లోర్‌లో లిఫ్ట్ దాటి ఎడమకి తిరగ్గానే అండీ, మళ్లీ స్టోర్ దగ్గరికొస్తే వినబడుతుంది’ అంటుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే రంగుల మ్యాపు కన్నా ఆ ఒక్క మాట ఎక్కువ పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి:

- ఫ్లోర్ ప్లాను, దాని మీద సిబ్బంది చెప్పిన చెడ్డ చోట్లు
- అక్కడ వాడే ఫోన్లలో అన్నిటికన్నా బలహీనమైనది ఒకటి. కొలతలు దానితోనే తీయాలి. లాప్‌టాప్ యాంటెన్నా మెరుగ్గా ఉంటుంది కాబట్టి అది చూపించే సిగ్నల్‌ను నమ్మొద్దు
- ఆండ్రాయిడ్‌లో వైఫై అనలైజర్ లాంటి యాప్
- యాక్సెస్ పాయింట్ల (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు), స్విచ్‌ల, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్‌లు
- ఇప్పుడున్న సెట్టింగ్స్ బ్యాకప్
- కొన్ని ఫోన్లలో డ్యూటీ మొదట్లో, చివర్లో బ్యాటరీ శాతం రాసిన కాగితం

ఆఖరిది ఎవరూ రాయరు. అది లేకపోతే సెట్టింగ్ మార్చాక బాగుపడిందో లేదో తేలదు, ఊహలే మిగులుతాయి.

2. సిగ్నల్: మైనస్ 67 లెక్క

వాయిస్‌కు పరిశ్రమలో అందరూ పెట్టుకునే గీత మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ కొలత; సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం). కాల్ మాట్లాడే ప్రతి చోటా ఫోన్‌కు అంత సిగ్నల్ అందాలి. రొద కన్నా సిగ్నల్ కనీసం 25 డీబీ ఎక్కువ ఉండాలి. మైనస్ 75 దగ్గర బ్రౌజింగ్ నడుస్తుంది, వాట్సాప్ మెసేజ్ పోతుంది. కాల్ మాత్రం నలుగుతుంది.

సూర్యారావుపేట, గవర్నర్‌పేటల్లో పాత ఇళ్లనే మార్చి కట్టిన క్లినిక్కులు చాలా ఉన్నాయి. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, మధ్యలో సన్నటి వరండా. అలాంటి చోట యాక్సెస్ పాయింట్లన్నీ వరండాలోనే వరసగా పెట్టడం చూస్తుంటాం. వైర్ లాగడం తేలిక కాబట్టి అలా చేస్తారు. ఫలితంగా వరండాలో ఒకదాన్నొకటి గట్టిగా వింటూ చానెల్ కోసం కొట్టుకుంటాయి, గదుల్లోకి వచ్చేసరికి సిగ్నల్ నీరసపడుతుంది. గదుల్లోపల, ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు మార్చి మార్చి పెట్టండి.

ఎక్స్‌రే గదికి మందపాటి గోడలు, చాలాచోట్ల గోడల్లోనో తలుపులోనో సీసం రేకు ఉంటాయి. బయటి నుంచి అందులోకి సిగ్నల్ తెద్దామని పవర్ పెంచడం దండగ. లోపల ఒక యాక్సెస్ పాయింట్ పెట్టాల్సిందే. అల్యూమినియం ఫాల్స్ సీలింగ్ పైన దాచిపెట్టినవి ఉంటే కిందికి దించండి.

గోడౌన్లలో కొలత ఖాళీగా ఉన్నప్పుడు తీస్తే లెక్క తప్పుతుంది. మిర్చి సీజన్‌లో బస్తాలు పైకప్పు దాకా పేర్చాక మళ్లీ కొలవండి.

ఇప్పుడు ఎక్కువమంది పట్టించుకోని విషయం. యాక్సెస్ పాయింట్ పవర్ ‘హై’లో పెడితే మంచిదనుకుంటారు. ఫోన్ మాత్రం అంత గట్టిగా తిరిగి అరవలేదు. ఫోన్‌లో ఫుల్ గీతలు కనిపిస్తాయి, అవతలివాళ్ల మాట వినబడుతుంది, మన మాట మాత్రం వాళ్లకు వెళ్లదు. ఫోన్ పైగా తన గరిష్ఠ పవర్‌తో మళ్లీ మళ్లీ పంపుతూ చార్జింగ్ ఊదేసుకుంటుంది. 5 గిగాహెర్ట్‌జ్‌లో 14 నుంచి 17 డీబీఎం మధ్య మొదలుపెట్టండి. 2.4 గిగాహెర్ట్‌జ్ కూడా ఉంచితే దానికి ఇంకో 6 డీబీ తగ్గించండి. సరిపోని చోట పవర్ పెంచకండి, ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టండి.

3. చానెళ్లు, రేట్లు

వాయిస్ ఫోన్లను 5 గిగాహెర్ట్‌జ్‌కే కట్టేయండి. చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్‌జ్. 80 పెడితే స్పీడ్ టెస్టులో అంకె ఘనంగా కనిపిస్తుంది, కానీ వాడుకోవడానికి చానెళ్లు మిగలవు, పక్క బిల్డింగ్‌తో గొడవ మొదలవుతుంది.

ముందుగా 36, 40, 44, 48, 149, 153, 157, 161 వాడండి. 52 నుంచి 144 వరకు ఉన్నవాటిని చాలా పరికరాలు రాడార్ చానెళ్లుగా చూస్తాయి. రాడార్ సంకేతం అనిపిస్తే యాక్సెస్ పాయింట్ కాల్ మధ్యలోనే చానెల్ వదిలేస్తుంది. పైగా ఫోన్లు ఆ చానెళ్లలో తాముగా పిలిచి వెతకవు, బీకన్ (‘నేనున్నాను’ అని యాక్సెస్ పాయింట్ వేసే కేక) వచ్చేదాకా చెవి పెట్టుకుని కూర్చుంటాయి. రోమింగ్ (ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి మారడం) ఆలస్యం, బ్యాటరీ ఖర్చు రెండూ పెరుగుతాయి. మొదటి ఎనిమిదీ సరిపోకపోతేనే అటు వెళ్లండి.

2.4 తప్పకపోతే 1, 6, 11 మాత్రమే. ‘3 ఖాళీగా ఉంది కదా’ అని 3 పెడితే అది 1నీ 6నీ రెండిటినీ చెడగొడుతుంది.

తర్వాత పాత రేట్లు ఆపండి. 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ తీసేసి కనీస రేటు 12 పెట్టండి. ఒక వాయిస్ ప్యాకెట్‌ను 1 ఎంబీపీఎస్‌లో పంపితే దాదాపు 2 మిల్లీసెకన్ల గాలి సమయం పడుతుంది. 24లో అయితే అందులో ఇరవయ్యో వంతు. ఒక్క ఫోన్ మూలన కూర్చుని 1 ఎంబీపీఎస్‌లో మాట్లాడుతుంటే మిగతా కాల్స్ అన్నీ దాని వెనక క్యూలో నిలబడతాయి. బార్‌కోడ్ స్కానర్ల లాంటి పాత పరికరాలు 11 లోపు రేట్లకే కట్టుబడి ఉంటే, వాటికి 2.4లో వేరే నెట్‌వర్క్ ఇచ్చి వాయిస్‌కు దూరంగా ఉంచండి.

నెట్‌వర్క్ పేర్లు మూడు నాలుగు మించకూడదు. ‘డాక్టర్స్’, ‘స్టాఫ్’, ‘గెస్ట్’, ‘అకౌంట్స్’, ‘సీసీటీవీ’ అంటూ పెంచుకుంటూ పోతే ప్రతి పేరుకూ విడిగా బీకన్లు వెళ్తాయి.

4. ప్రాధాన్యం: డబ్ల్యూఎంఎం

యాక్సెస్ పాయింట్‌లో డబ్ల్యూఎంఎం ఆన్‌లో ఉండాలి. ఇది ట్రాఫిక్‌ను వాయిస్, వీడియో, మామూలు, వెనకపని అని నాలుగు వరసలుగా విడదీసి, వాయిస్‌కు గాలిలో ముందు అవకాశం ఇస్తుంది. దీన్ని ఆపితే ఇంకో దెబ్బ కూడా ఉంది: వైఫై 4, ఆ తర్వాతి వేగాలు పోయి ఫోన్ 54 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది.

ఆన్ చేయగానే పని అయిపోదు. ప్యాకెట్ మీద గుర్తు ఉండాలి, ఆ గుర్తు దారి పొడవునా మిగలాలి.

- ఐపీ పీబీఎక్స్‌లోనూ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్), ఫోన్ యాప్‌లోనూ వాయిస్‌కు డీఎస్‌సీపీ, అంటే ప్యాకెట్ మీది ప్రాధాన్యం గుర్తు, 46 పెట్టండి
- మధ్యలో ఉన్న ప్రతి స్విచ్ పోర్టులో డీఎస్‌సీపీని నమ్మే సెట్టింగ్ ఆన్ చేయండి. ఒక్క స్విచ్ దాన్ని సున్నా చేసినా ఆ తర్వాత ప్రాధాన్యం ఉండదు
- యాక్సెస్ పాయింట్‌లో 46 అనేది వాయిస్ వరసకే, అంటే ప్రయారిటీ 6కే వెళ్తోందో లేదో చూడండి. పాత పద్ధతిలో మొదటి మూడు బిట్లే చూసి 5గా లెక్కేసి వీడియో వరసలో పడేస్తాయి. దీన్ని సరిచేయడానికే 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8325 వచ్చింది
- అన్నిటికీ 46 పెట్టొద్దు. అందరూ ముందుంటే ఎవరూ ముందున్నట్టు కాదు

వాట్సాప్ లాంటి యాప్ కాల్స్ మీద మీకు ఇంత పట్టు ఉండదు. యాక్సెస్ పాయింట్లను నడిపే కంట్రోలర్‌లో యాప్‌ను గుర్తుపట్టే సౌకర్యం ఉంటే ఫోన్‌కు వచ్చే దిశలో ప్రాధాన్యం ఇవ్వగలరు. ఫోన్ నుంచి వెళ్లే దిశ ఆ యాప్, ఆ ఫోన్ చేతిలో ఉంటుంది.

‘అడ్మిషన్ కంట్రోల్’ అనే సెట్టింగ్ దగ్గర జాగ్రత్త. వాయిస్ వరసకు అది తప్పనిసరి చేస్తే, ముందుగా అనుమతి అడగడం తెలియని ఫోన్ల మాటలు కింది వరసలోకి పోతాయి. మామూలు స్మార్ట్‌ఫోన్లలో చాలావాటికి అది రాదు. ఒకే రకం వైఫై హ్యాండ్‌సెట్లు వాడే చోట తప్ప ఆఫ్‌లోనే ఉంచండి.

బయటికి వెళ్లే లైను కూడా చూసుకోండి. సీసీటీవీ క్లౌడ్ బ్యాకప్ అప్‌లోడ్ మొత్తం నింపేస్తుంటే వైఫైని తిట్టి లాభం లేదు. రౌటర్‌లో స్మార్ట్ క్యూ (ట్రాఫిక్‌ను వరసలో పెట్టే సౌకర్యం) ఉంటే, నిజంగా వచ్చే అప్‌లోడ్ వేగంలో 85 నుంచి 90 శాతం దగ్గర పరిమితి పెట్టండి. సిప్ (నెట్ మీద కాల్ కలిపే పద్ధతి) సందేశాల్లో వేలు పెట్టే ‘సిప్ ఏఎల్‌జీ’ అనే రౌటర్ సెట్టింగ్ ఆపేయండి. ఆపరేటర్ల వైఫై కాలింగ్ వాడుతుంటే ఫైర్‌వాల్‌లో యూడీపీ 500, 4500 పోర్టులు తెరిచి ఉండాలి.

5. పవర్ సేవ్: మూడు సెట్టింగ్స్

మొదటిది యూ-ఏపీఎస్‌డీ. కొన్ని రౌటర్లలో ‘డబ్ల్యూఎంఎం పవర్ సేవ్’ అనో ‘ఏపీఎస్‌డీ’ అనో ఉంటుంది. కాల్‌లో ఉన్న ఫోన్ తన మాట ప్యాకెట్ పంపగానే, యాక్సెస్ పాయింట్ దాని కోసం దాచిన అవతలి మాటను అప్పటికప్పుడు ఇచ్చేసి ‘ఇక చాలు’ అనే గుర్తు పెడుతుంది. ఫోన్ మళ్లీ నిద్రపోతుంది. పోస్ట్‌మాన్ వచ్చేదాకా గుమ్మంలో నిలబడకుండా, మనమే పోస్టాఫీసుకు వెళ్లి ఉత్తరం వేసి, మన పేరున వచ్చినవి తెచ్చుకున్నట్టు. వాయిస్‌లో 20 మిల్లీసెకన్లకోసారి ఎలాగూ పంపుతుంది కాబట్టి ఇది సరిగ్గా సరిపోతుంది. ఆన్ చేయండి. ఏదైనా పాత మోడల్ ఫోన్‌లో మాత్రమే మాట ఆగి ఆగి వస్తుంటే, ఆ మోడల్‌కు ఆఫ్ చేసి పోల్చి చూడండి.

రెండోది డీటిమ్. యాక్సెస్ పాయింట్ సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒక బీకన్ వేస్తుంది. అందరికీ కలిపి పంపే ట్రాఫిక్‌ను ఎన్ని బీకన్లకోసారి విడుదల చేయాలో డీటిమ్ చెబుతుంది. 1 అయితే ప్రతి బీకన్‌కూ ఫోన్ లేవాలి. 3 అయితే దాదాపు 307 మిల్లీసెకన్లకోసారి చాలు.

డీటిమ్ పెంచితే కాల్ ఆలస్యమవుతుందని చాలామందికి భయం. ఇద్దరి మధ్య కాల్ ప్యాకెట్లు డీటిమ్ కోసం ఆగవు. మోగేటప్పుడు మొదటి రింగు సెకనులో మూడో వంతు ఆలస్యం కావచ్చు, అంతే. అందుకే మామూలు వాడకానికి 3 పెట్టండి. ఒకే ఒక మినహాయింపు: నొక్కి మాట్లాడే గ్రూప్ యాప్ మల్టీకాస్ట్ (ఒకే ప్యాకెట్ అందరికీ పంపడం) మీద నడుస్తుంటే ఆ మాటంతా డీటిమ్ మీదే వస్తుంది. అక్కడ 1 ఉంచండి, బ్యాటరీ కొంత పోయినా తప్పదు.

మూడోది వైఫై 6లో వచ్చిన టార్గెట్ వేక్ టైమ్, అంటే ఫోన్ ఎప్పుడు లేవాలో ముందే ఒప్పుకోవడం. యాక్సెస్ పాయింట్, ఫోన్ రెండూ వైఫై 6 అయితేనే పని చేస్తుంది. ఉంటే ఆన్ చేయండి, లేకపోతే దీని కోసం కొత్త పరికరాలు కొనక్కర్లేదు. పై రెండూ సరిగ్గా ఉంటే తేడా తెలుస్తుంది.

6. ఫోన్‌ను ఊరికే లేపేవి

పవర్ సేవ్ అంతా సరిగ్గా పెట్టినా, ఎవరో ఒకరు నిమిషానికి పదిసార్లు తలుపు తడుతుంటే ఫోన్‌కు నిద్ర ఎక్కడిది? టీవీలు, ప్రింటర్లు, కెమెరా రికార్డర్లు ‘ఎవరున్నారు, ఎవరున్నారు’ అని నెట్‌వర్క్ అంతటా కేకలు వేస్తుంటాయి. ప్రతి కేకకూ అన్ని ఫోన్లూ లేస్తాయి.

- వాయిస్ ఫోన్లకు వేరే వీల్యాన్ (నెట్‌వర్క్‌లో విడిగా కట్టిన గది లాంటిది) ఇవ్వండి. కెమెరాలు, టీవీలు అందులో ఉండకూడదు
- ప్రాక్సీ ఏఆర్‌పీ ఆన్ చేయండి. అడ్రస్ అడిగే ప్రశ్నలకు ఫోన్ బదులు యాక్సెస్ పాయింటే జవాబు చెబుతుంది
- గ్రూప్ కీ (అన్ని ఫోన్లకూ ఉమ్మడి తాళం) మార్పిడి గంటకోసారి, అంటే 3600 సెకన్లు
- నిద్రలో ఉన్న ఫోన్‌ను 300 సెకన్లకే తెంచేసే ఐడిల్ టైమౌట్ ఉంటే పెంచండి. లేకపోతే అది మళ్లీ మళ్లీ కొత్తగా కనెక్ట్ అవుతూనే ఉంటుంది
- రౌటర్‌లో యూడీపీ టైమౌట్ 300 సెకన్లు చేయండి

ఆఖరి దాని గురించి రెండు మాటలు. కాల్ ప్యాకెట్లు వెళ్లే యూడీపీ దారి ఖాళీగా ఉంటే కొన్ని రౌటర్లు దాన్ని 30 సెకన్లకే మూసేస్తాయి. మూయకుండా ఉండాలని సిప్ యాప్ అంతకన్నా ముందే ఓ చిన్న ప్యాకెట్ వేస్తూ ఉంటుంది, రాత్రంతా, జేబులో ఉన్నా సరే. టైమౌట్ పెంచి, యాప్‌లో కీప్-అలైవ్ సమయాన్ని 120 సెకన్లకు మార్చండి. పుష్ నోటిఫికేషన్‌తో కాల్ లేపే యాప్ అయితే ఇంకా మంచిది.

7. నడుస్తూ మాట్లాడేవాళ్ల కోసం

802.11కే, 802.11వీ ఆన్ చేయండి. పక్కన ఏ యాక్సెస్ పాయింట్లు ఉన్నాయో ఫోన్‌కు ముందే జాబితా అందుతుంది కాబట్టి అన్ని చానెళ్లూ గాలించదు. మార్పు తొందరగా జరుగుతుంది, చార్జింగూ మిగులుతుంది.

802.11ఆర్ మార్పిడిలో పాస్‌వర్డ్ తతంగాన్ని కుదిస్తుంది. యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే నెట్‌వర్క్‌లలో ఇది లేకపోతే మాట తెగినట్టే. అయితే కొన్ని పాత ఫోన్లు ఇది ఆన్‌లో ఉంటే అసలు కనెక్టే కావు. ముందు టెస్ట్ నెట్‌వర్క్‌లో అన్ని మోడళ్లూ చూసుకుని తర్వాత పెట్టండి.

ఐఫోన్ మైనస్ 70 డీబీఎం దగ్గర వేరేదాని కోసం వెతకడం మొదలుపెడుతుంది. అప్పటికి పక్క యాక్సెస్ పాయింట్ మైనస్ 67 లేదా అంతకన్నా బలంగా వినబడుతుండాలి. లిఫ్ట్ దగ్గర మలుపుల్లో ఇదే లోపిస్తుంది.

8. ఫోన్ లోపల

- కాలింగ్ యాప్‌కు బ్యాటరీ సెట్టింగ్‌లో ‘అన్‌రెస్ట్రిక్టెడ్’, ఆటోస్టార్ట్ ఆన్. లేకపోతే స్క్రీన్ ఆరాక కాల్ మోగదు. మిగతా యాప్‌లకు మాత్రం పరిమితి ఉండనివ్వండి
- లొకేషన్ సెట్టింగ్స్‌లో ‘వైఫై స్కానింగ్’ ఆఫ్
- సిమ్ లేని ఇంటర్‌కమ్ ఫోన్లకు ఏరోప్లేన్ మోడ్ పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయండి
- వాడని పాత నెట్‌వర్క్‌లన్నీ ‘ఫర్గెట్’

సెల్లార్‌లో, ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్ల ఫోన్ తొందరగా అయిపోతోందంటే చాలాసార్లు తప్పు వైఫైది కాదు. టవర్ దొరక్క ఫోన్ వెతుకుతూనే ఉంటుంది. వైఫై కాలింగ్ పనిచేస్తుంటే అక్కడున్నంతసేపు ఏరోప్లేన్ మోడ్‌లో వైఫై ఆన్ చేసుకోమని చెప్పండి. చాలా ఫోన్లలో కాల్స్ అలాగే వస్తాయి. ముందు ఒకసారి చేసి చూపించండి, లేకపోతే కాల్ రాదేమోనన్న టెన్షన్‌తో ఎవరూ చేయరు.

మన ఎండల్లో ఫోన్‌ను స్కూటర్ డిక్కీలోనో కారు డాష్‌బోర్డు మీదో వదలొద్దు. 35 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం బ్యాటరీ సత్తువ శాశ్వతంగా తగ్గుతుంది. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో దీనికి తిరగబడి ఉంటుంది: చలిలో చార్జింగ్ పడిపోయినట్టు కనిపించి, బయటికొచ్చి వెచ్చబడ్డాక సర్దుకుంటుంది. ఆ ఫోన్ చూసి సెట్టింగ్స్ మార్చకండి.

9. పరీక్ష

ఒకసారికి ఒక్క మార్పే చేసి, కనీసం ఒక పూర్తి డ్యూటీ నడవనివ్వండి. చూడాల్సిన గీతలు:

- ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు
- జిట్టర్ (ప్యాకెట్ల రాకలో హెచ్చుతగ్గులు) 30 మిల్లీసెకన్ల లోపు
- ప్యాకెట్ నష్టం 1 శాతం లోపు
- చానెల్ వాడకం 50 శాతం లోపు
- మళ్లీ పంపిన ప్యాకెట్లు 10 శాతం లోపు

పరీక్ష కాల్ పెట్టుకుని మొదటి ప్లానులోని చెడ్డ చోట్లన్నీ నడవండి. ఓపీ రద్దీగా ఉండే వేళలోనే నడవండి, రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి.

ఇక్కడ ఒక పొరపాటు అందరూ చేస్తారు. లాప్‌టాప్ నుంచి ఫోన్‌ను పింగ్ చేస్తే ఒకసారి 8, ఒకసారి 140, ఒకసారి 95 అని వస్తుంది. వైఫై పాడైందని పవర్ సేవ్ ఆపేస్తారు. అంకెలు వెంటనే అందంగా మారతాయి, ఫోన్ సాయంత్రానికి చచ్చిపోతుంది. జేబులో ఉన్న ఫోన్ నిద్రలో ఉంది కాబట్టి బీకన్ దాకా ఆగి జవాబిచ్చింది, అది ఆరోగ్యమే. ఆలస్యం కొలవాలంటే కాల్ నడుస్తుండగా పీబీఎక్స్‌లోనో యాప్‌లోనో వచ్చే కాల్ క్వాలిటీ లెక్క చూడండి.

10. లక్షణం, దాని మందు

మన మాట వాళ్లకు వెళ్లదు, వాళ్లది వినబడుతుంది: యాక్సెస్ పాయింట్ పవర్ తగ్గించండి. తగ్గిందా లేదా చూశాకే సిప్ ఏఎల్‌జీ, ఫైర్‌వాల్ వైపు వెళ్లండి.

ఒకే చోట ప్రతిసారీ తెగుతోంది: రోమింగ్ ఖాళీ. ఆ మలుపులో రెండో యాక్సెస్ పాయింట్ ఎంత వినబడుతోందో కొలవండి.

అన్నిచోట్లా, ఒక వేళలోనే పాడవుతోంది: అప్‌లోడ్ నిండిపోతోంది. ఆ వేళలో ఏ బ్యాకప్ నడుస్తోందో చూడండి.

స్క్రీన్ ఆరితే కాల్ మోగదు: ఫోన్ బ్యాటరీ సెట్టింగ్, తర్వాత ఐడిల్ టైమౌట్, తర్వాత యూడీపీ టైమౌట్.

వాడకపోయినా రాత్రికి రాత్రే చార్జింగ్ సగమైంది: బ్రాడ్‌కాస్ట్ రొద, కీప్-అలైవ్. వేరే వీల్యాన్‌లో ఒక ఫోన్ పెట్టి ఓ రాత్రి పోల్చండి.

ఒకే ఒక్క ఫోన్‌లో సమస్య: నెట్‌వర్క్‌ను ముట్టుకోకండి. అదే మోడల్ ఇంకోటి అదే చోట పెట్టి చూడండి. అది బాగుంటే తప్పు మొదటి ఫోన్‌లోనే ఉంది; చార్జింగ్ సమస్య అయితే దాని బ్యాటరీ పాతబడి ఉండొచ్చు.

కరెంటు పోగానే అన్ని కాల్సూ పోతున్నాయి: యాక్సెస్ పాయింట్లకు పవర్ ఇచ్చే పీఓఈ స్విచ్, రౌటర్, ఫైబర్ పెట్టె, పీబీఎక్స్ నాలుగూ యూపీఎస్ మీద ఉన్నాయో లేదో ఒక్కో ప్లగ్గూ పట్టుకుని చూడండి. సాధారణంగా ఫైబర్ పెట్టె ఒక్కటే మామూలు సాకెట్‌కు పెట్టి ఉంటుంది.